పువ్వూ మనదే, అతుకూ మనదే

అందరికీ నమస్కారం. మీలో సగం మంది లేసు సూది పట్టుకుని పెరిగినవాళ్లే, అందుకని అల్లిక నేర్పే పని నేను పెట్టుకోవడం లేదు. పాత బొమ్మల్ని అట్ట పలకల మీద పెట్టి లేసు దారంతో కుట్టిన ఈ పెట్టె ఒకటి తెచ్చాను, ఇవాళ మనం చేసేది ఇలాంటిదే. ఆ చివర నుంచి ఒకరికొకరు అందించుకోండి, అది తిరుగుతుంటే నేను మాట్లాడతాను. మూత తీయండి, తిప్పి చూడండి, ఏం పర్లేదు, గట్టిగానే ఉంటుంది.

మూత మీదున్న లక్ష్మీదేవి కిరాణా కొట్టువాళ్లిచ్చిన పాత క్యాలెండర్‌లోది. ముందు పక్క మా పిన్ని శుభలేఖ, మూలల్లో పసుపు కూడా అలాగే ఉంచేశాను. కుడి పక్క వారపత్రికలోంచి కత్తిరించుకున్న బాపు గారి బొమ్మ. ఆయన 1933లో పుట్టింది మన నరసాపురంలోనే కదా, ఆ వాలుజడ, ఆ కళ్లు చూస్తే మన వీధిలో పిల్లే అనిపిస్తుంది నాకు. ఎడమ పక్క మా అమ్మమ్మ. వీటన్నిటినీ పట్టి ఉంచింది మాత్రం దారమే, జిగురు కాదు.

మాది రాజోలు వైపు పల్లెటూరు. లేసు ఏజెంటు నరసాపురం నుంచి సఖినేటిపల్లి రేవుకి పంటు మీద గోదావరి దాటి వచ్చేవాడు, దారం బంతులు తూకం వేసి ఇచ్చి, అల్లినవి మళ్లీ తూకం వేసి తీసుకునేవాడు. మా అమ్మ పువ్వులు అల్లేది. పువ్వులే, ఇంకేం కాదు. వాటిని కలిపి గుడ్డగా చేసే అతుకు పని ఇంకో ఊళ్లో ఇంకెవరో చేసేవారు. అది బల్ల మీద పరిచాక ఎలా ఉంటుందో మా అమ్మ ఏనాడూ చూడలేదు. ఇన్నేళ్లు అల్లిన ఆవిడ ఇంట్లో టీవీ మీద వేసుకోవడానికి సొంత లేసు ముక్క ఒక్కటి లేదండి.

ఈ పని పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలతో మన ప్రాంతానికి వచ్చింది. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఇక్కడికొచ్చి, ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడి, 1982లో పుస్తకం వేశారు. పొద్దుట నుంచి రాత్రి దాకా చేసే పనిని ఇల్లాళ్ల తీరిక కాలక్షేపంగా లెక్కగట్టి కూలి తగ్గిస్తున్నారని అందులో రాశారు. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. అయినా నాకు మాత్రం మొదలూ చివరా ఒకే చేతిలో ఉండే వస్తువు ఒకటి చేయాలని ఉండేది.

బొమ్మలే ఎందుకంటారా. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుఫాను మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. మా పెంకులు ఎగిరిపోయాయి, ట్రంకు పెట్టెలోకి నీళ్లు దిగాయి. మూడో రోజున ఎండ వస్తే ఫొటోలన్నీ అరుగు మీద పెట్టాం, అప్పటికే ఒకదానికొకటి అంటుకుపోయాయి. నేను లాగాను. అమ్మా నాన్నల పెళ్లి ఫొటోలో అమ్మ ముఖం పక్క ఫొటో వీపుకి అతుక్కుని ఊడొచ్చేసింది. ఫొటో మీద ఉండేది జెలటిన్ పూత, తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే జిగురులా పట్టేస్తుంది. లాగకుండా శుభ్రమైన నీళ్లలో నానబెట్టి నిదానంగా విడదీసి ఉంటే వచ్చేదేమో. ఆ సంగతి చాలా ఏళ్లకి తెలిసింది.

అందుకే మొదటి మాట ఇది. అసలు ఫొటోకి సూది తగలకూడదు. కలర్ జెరాక్స్ తీయించుకోండి, అసలుది కవర్లో పెట్టి పెట్టె లోపల దాచండి. ఇంట్లో ఇంకు ప్రింటర్ మీద తీసినది తడి తగిలితే కారిపోతుంది, జెరాక్స్ అలా కారదు, మన తేమకి అదే మంచిది.

అడుగుకీ, మూతకీ, నాలుగు పక్కలకీ ఆరు పలకలు కావాలి. చీరల డబ్బా అట్ట చాలు. పైన బొమ్మ, లోపలి వైపు ఏదైనా పాత కార్డు, మధ్యలో అట్ట, బొమ్మ మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు. మైదా ఉడకబెట్టిన జిగురు వాడకండి, పుస్తకాల్లో తిరిగే వెండి రంగు పురుగుకి అది విందు భోజనం.

పాత హవాయి చెప్పు కింద పెట్టుకుని దబ్బనంతో కన్నాలు పొడవండి. అంచు నుంచి అర సెంటీమీటరు లోపలికి, కన్నానికీ కన్నానికీ మధ్య ముప్పావు సెంటీమీటరు. అంచుకి మరీ దగ్గరైతే దారం అట్టని కోసేస్తుంది. కలవాల్సిన రెండు అంచులకీ లెక్క ఒకటే ఉండాలి, ఇటు 22 అయితే అటూ 22, ఇక్కడ తప్పితే చివర్లో పెట్టె మెలి తిరుగుతుంది, మళ్లీ మొదటికే. దారం 20 నంబరు తీసుకోండి, 40 చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ అంత సన్నం దారం అట్టలో దిగిపోతుంది. ప్రతి కన్నంలో రెండు కుట్లు, మూలలో నాలుగు. మూలలో పొదుపు చేస్తే అట్ట వంగుతుంది. ఇలా ఆరు పలకల చుట్టూ ఒక వరస అయ్యాక, మూత పలకకి మాత్రం మీకొచ్చిన లేసు అంచు ఏదైనా వేసుకోండి. తర్వాతే అతుకు పని. మూతని వెనక పక్కకి ఒక్క అంచునే కలపాలి, అదే మడత బందు.

మొదటి పెట్టె పూర్తయ్యాక మా అమ్మకి ఇచ్చాను. ఇప్పుడు చూపు తగ్గింది ఆవిడకి. లక్ష్మీదేవిని చూడలేదు, అమ్మమ్మని చూడలేదు, ముందు పెట్టెని తిరగేసి అడుగున అతుకులు వేలితో తడిమింది, ఏజెంటు పువ్వుని వెనక్కి తిప్పి చూసేవాడే, సరిగ్గా అలాగే. ఒక మూల దగ్గర వేలు ఆగింది. "ఇక్కడ మూడే వేశావు" అంది. చూస్తే నిజమే, మూడే ఉన్నాయి.

ఆ పెట్టే ఇప్పుడు మీ చేతుల్లో తిరుగుతోంది. ఆ మూల విప్పలేదు, వెతికితే దొరుకుతుంది. సరే, దబ్బనాలు తీయండి, అడుగు పలకతో మొదలుపెడదాం.