రాజు వాకిట్లో ఎబ్రోయిన్

శ్రోతలకు నమస్కారం. క్రీ.శ. 673లో, నేటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని ఏలిన ఫ్రాంకుల రాజు మూడో క్లోతార్ కన్నుమూశాడు. కొత్త రాజుకు మొక్కడానికి ప్రభువులు గుర్రాలెక్కి బయలుదేరారు. దారిలోనే వాళ్లకు కబురు అందింది: రావద్దు, వెనక్కి వెళ్లండి. ఆ కబురు రాజు పంపింది కాదు. రాజభవనంలో సర్వాధికారి అయిన ఎబ్రోయిన్ పంపింది. నేటి ప్రసంగం ఆయన గురించే.

ఆనాటి ఫ్రాంకుల రాజ్యంలో ముఖ్యంగా మూడు ఖండాలు. పడమట న్యూస్ట్రియా, తూర్పున ఆస్ట్రేషియా, దక్షిణాన బర్గండీ. ఏలుతున్నది మెరోవింగియన్ వంశం. పొడవాటి జుట్టు ఆ రాజులకు వంశచిహ్నం. తల గొరిగి మఠానికి పంపారంటే ఆ మనిషికి రాచరికం దక్కనట్టే. పసివయసులో గద్దెనెక్కిన రాజులు వరుసగా రావడంతో, రాజభవన ప్రధానాధికారి పదవి నానాటికీ బలపడింది. మన సంస్థానాల్లో దివాను వంటిదనుకోండి. పన్నులు, భూదానాలు, నియామకాలు, చివరికి సైన్యం కూడా ఆ అధికారి చేతిలోకి వచ్చాయి. నన్నడిగితే వీటన్నిటికన్నా పెద్ద అధికారం మరొకటుంది. రాజును ఎవరు చూడవచ్చో, ఎవరు చూడరాదో నిర్ణయించడం.

658 ప్రాంతంలో న్యూస్ట్రియా ప్రభువులు ఎబ్రోయిన్‌ను ఆ పదవికి ఎన్నుకున్నారు. అప్పుడు బాలరాజు క్లోతార్ తరఫున పాలిస్తున్నది ఆయన తల్లి బల్తిల్డ్. ఇంగ్లండు నుంచి బానిసగా వచ్చి రాణి అయిన స్త్రీ ఆమె. క్రైస్తవులను బానిసలుగా అమ్మరాదని శాసించింది. కొన్నేళ్లకు ఆమె షెల్ మఠానికి వెళ్లిపోయింది. ఇక ఎబ్రోయిన్‌కు ఎదురు చెప్పేవారు లేరు. తన అనుమతి లేనిదే బర్గండీ వాళ్లెవరూ రాజభవనానికి రాకూడదని ఆజ్ఞ వేశాడు. బర్గండీ ప్రభువులకు ఇది తలకొట్టేసినంత అవమానం.

673లో మూడో థ్యూడెరిక్‌ను, ప్రభువుల సభ పిలవకుండానే గద్దెనెక్కించాడు. అంతటితో వాళ్ల ఓపిక చచ్చింది. ఆస్ట్రేషియా నుంచి రాజు సోదరుడు రెండో చిల్డెరిక్‌ను పిలిపించారు. ఎబ్రోయిన్‌కు తల గొరిగి లుక్సోయ్ మఠంలో పెట్టారు. ఈ తిరుగుబాటులో ముందున్నది ఓతున్ బిషప్ లియోడెగార్. విచిత్రమేమిటంటే, రెండేళ్లు తిరక్కుండానే లియోడెగార్ కూడా చిల్డెరిక్ ఆగ్రహానికి గురై అదే మఠానికి చేరాడు. బద్ధశత్రువులిద్దరూ ఒకే గోడల మధ్య! భోజనాల వేళ ఒకరి ముఖం ఒకరు ఎలా చూసుకున్నారో మనం ఊహించుకోవలసిందే.

675లో బోడిలో అనే ప్రభువును చిల్డెరిక్ కట్టేసి కొట్టించాడు. ఆ బోడిలో, అతని పక్షం వాళ్లు అడవిలో వేటాడుతున్న రాజును, గర్భవతి అయిన రాణిని చంపేశారు. మఠం తలుపులు తెరుచుకున్నాయి. ఎబ్రోయిన్ జుట్టు పెంచుకుని, సైన్యం కూడగట్టాడు. క్లోతార్ కొడుకంటూ ఒక కుర్రవాణ్ని రాజుగా నిలబెట్టాడు. రూఆన్ బిషప్ ఆడోయిన్‌ను సలహా అడిగితే, పూర్వపు రాణి ఫ్రెడెగుండ్‌ను తలచుకో అని చెప్పాడట. ఆమె ఎత్తులకు పెట్టింది పేరు. ఎబ్రోయిన్‌కు విషయం అర్థమైంది. రాత్రికి రాత్రే వాజ్ నది దాటి శత్రువుల మీద పడ్డాడు. ఖజానా చిక్కింది, చిల్డెరిక్ పోయాక వాళ్లు మళ్లీ రాజును చేసిన థ్యూడెరిక్ చిక్కాడు. దాంతో ఆ కుర్రవాణ్ని పక్కకు తప్పించాడు.

తర్వాత లియోడెగార్ వంతు. ఓతున్ నగరాన్ని ముట్టడించారు. నగరం నాశనం కాకూడదని బిషప్ తానే లొంగిపోయాడు. కళ్లు పొడిచారు, తర్వాత నాలుకా పెదవులూ కోశారు, చిల్డెరిక్ హత్యలో భాగస్వామి అని నేరం మోపి చంపారు. చర్చి ఆయనను పునీతుడిగా కొలుస్తుంది.

నాకు ఇంతకన్నా వింతగా తోచేది మార్టిన్ ఉదంతం. ఆస్ట్రేషియా నాయకులు మార్టిన్, పిప్పిన్ యుద్ధంలో ఎబ్రోయిన్ చేతిలో ఓడిపోయారు. మార్టిన్ లాన్ కోటలో తలదాచుకున్నాడు. ప్రాణానికి హామీ ఇస్తామంటూ ఇద్దరు దూతలు వచ్చారు. అందులో ఒకరు సాక్షాత్తు రీమ్స్ బిషప్. పునీతుల అస్థికలుండే పేటికల మీద చేయి వేసి ప్రమాణం చేశారు. మార్టిన్ నమ్మి బయటికి వచ్చాడు, చచ్చాడు. పేటికలు ఖాళీవి. అస్థికలు లేనప్పుడు ప్రమాణం తప్పినా పాపం అంటదని లెక్క కాబోలు. మోసగాడికి కూడా దైవభయం ఉండబట్టే కదా, పేటికలను ఖాళీ చేయించింది!

680 ప్రాంతంలో ఎబ్రోయిన్ అంతం వచ్చింది. ఎర్మన్‌ఫ్రెడ్ అనే అధికారిని తీవ్రంగా బెదిరించాడు. ఒక ఆదివారం తెల్లవారకముందే ప్రార్థనకు బయలుదేరిన ఎబ్రోయిన్‌ను, అతను కాపుకాసి కత్తితో నరికి, ఆస్ట్రేషియాలో పిప్పిన్ దగ్గరికి పారిపోయాడు. పిప్పిన్ ఆశ్రయమిచ్చాడు.

ఇవన్నీ మనకు చెప్పిన వాళ్లలో లియోడెగార్ భక్తులే ఎక్కువని మరవకూడదు. అదే కాలపు మరో పునీతుడి చరిత్ర రాసినవాడు మాత్రం, ఎబ్రోయిన్ బిషప్‌లను చంపడంలో మరీ క్రూరుడే గానీ మిగతా విషయాల్లో సమర్థుడని ఒప్పుకున్నాడు. నాకు ఆ మాటే నమ్మదగినదిగా కనిపిస్తుంది. చెల్లాచెదురవుతున్న రాజ్యాన్ని ఒకే భవనం నుంచి నడపాలని చూశాడు. అందుకు ఆయనకు తెలిసిన దారి బలప్రయోగం ఒక్కటే. ఆయన పోయాక న్యూస్ట్రియాలో అంతటి గట్టివాడు రాలేదు. 687లో టెర్ట్రీ దగ్గర పిప్పిన్ గెలిచి, మొత్తం రాజ్యంలో పెత్తనం చేజిక్కించుకున్నాడు. ఆ పిప్పిన్ మనవడే 751లో చివరి మెరోవింగియన్ రాజును మఠానికి పంపి, తానే రాజయ్యాడు.