పూస కొట్లోది, గుచ్చడం మనది

(విజయవాడలో పూసల నగల తయారీలో శిక్షణ ముగించుకున్న మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)

అమ్మలకీ, అక్కచెల్లెళ్ళకీ నమస్కారం.

శిక్షణ అయిపోయింది, సర్టిఫికెట్లు చేతికొచ్చాయి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపించండి అన్నారు నిర్వాహకులు. మంచి మాటలు చెప్పే పెద్దలు వేదిక మీద ఇంకా చాలామందే ఉన్నారు. నేను గిట్టుబాటు సంగతి మాట్లాడతాను.

దసరా వస్తోంది. వెనకాలే కార్తీకం, పెళ్ళిళ్ళు, సంక్రాంతి. మీలో చాలామంది ఈ సీజన్లోనే మొదటి స్టాలు పెడతారు. ముందు ఒక్క సంగతి ఆలోచించండి. ఆ బల్ల మీద పరిచే సరుకులో మీ సొంతం ఏమిటి? పూస మీరు చేయలేదు. వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్లో లైన్ల లెక్కన, అంటే దారానికి గుచ్చిన వరసల లెక్కన కొన్నారు. అదే పూస పక్క స్టాలావిడ దగ్గరా ఉంటుంది, బీసెంట్ రోడ్డులో తోపుడు బండి మీదా ఉంటుంది. డిజైను కూడా పూర్తిగా మీది కాదు. దాపరికం ఎందుకు, సగం ఫోన్లో చూసిందే. మరి వచ్చినావిడ మీ దగ్గరే ఎందుకు కొనాలి?

గుచ్చినందుకు కొనాలి. మీరు అమ్మేది పూస కాదు, గుచ్చడం. ఈ మాట ఒప్పుకుంటే మీ ధర మారుతుంది, స్టాలు మీద పెట్టే సామాను మారుతుంది, బేరానికి ఇచ్చే జవాబు కూడా మారుతుంది.

పూస చేసేవాళ్ళ గొప్ప పూస చేసేవాళ్ళదే. తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో కొలిమిలో కరిగిన గాజును సన్నటి గొట్టంగా లాగి, చల్లారాక తునకలు కోసి పూసలు చేసే పాత విద్య ఉండేది. పుదుచ్చేరి పక్కన అరికమేడులో రెండు వేల ఏళ్ళ కిందట పూసలు చేసిన పద్ధతీ అదే. గుజరాత్‌లో ఖంభాత్ వాళ్ళు అకీకు (అగేట్) రాయిని వేడిచేసి ఎరుపు తెప్పిస్తారు. మన ఏటికొప్పాక వాళ్ళు అంకుడు కర్రను తిప్పుతూ లక్క రంగులు పట్టిస్తారు. వాళ్ళ పనికి 2017లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పూసలు వాడితే వాళ్ళ ఊరి పేరు చీటీ మీద రాయండి. దానివల్ల మీ విలువ తగ్గదు, పెరుగుతుంది.

పూసకు ఆయుష్షు ఎక్కువ. మన భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు బుద్ధ ధాతువుల (అవశేషాల) పేటికల్లో బంగారు పువ్వులతో పాటు ముత్యాలు, పూసలు బయటపడ్డాయి. అన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా పూస పూసలాగే ఉంది. పాత తవ్వకాల్లో దారం సాధారణంగా దొరకదు. ఏ పూస పక్కన ఏ పూస ఉండేదో పండితులు ఊహించుకోవాల్సిందే. అంటే నగలో ముందు పోయేది మన వంతు పనే. అందుకే ఎక్కువ జాగ్రత్త అక్కడే పడాలి.

శిక్షణలో చాలా నేర్పారు కాబట్టి మళ్ళీ మొదలుపెట్టను. జనం తిట్టుకుంటూ వెనక్కి తెచ్చే నగల్లో నేను చూసే జబ్బులు మాత్రం చెబుతాను.

మొదటిది, చేపల గాలం దారం లాంటి ఉత్త ప్లాస్టిక్ దారంతో గుచ్చడం. చవక, సూది అక్కర్లేదు, పని తొందరగా అవుతుంది. కొన్నాళ్ళకి పెళుసెక్కి పుటుక్కుమంటుంది. రాతి పూసకీ గాజు పూసకీ గేర్ వైరే, అంటే ప్లాస్టిక్ పూత ఉన్న సన్నటి ఉక్కు తీగే వాడండి. చవక పూసల్లో బెజ్జం అంచు కత్తిలా ఉంటుంది, మామూలు దారాన్ని మెల్లగా కోసేస్తుంది. గేర్ లాక్, అంటే తీగ కొసను పట్టి ఉంచే చిన్న లోహపు గొట్టం, నొక్కేటప్పుడు లోపల తీగ పోగులు రెండూ పక్కపక్కనే ఉండాలి, ఒకదాని మీదొకటి ఎక్కకూడదు. మిగిలిన కొసను లాక్ దగ్గరే కత్తిరించేయకుండా రెండు మూడు పూసల్లోంచి వెనక్కి దూర్చి అప్పుడు కత్తిరించండి. లేకపోతే ఆ కొస మెడ మీద గీరుతుంది. గీరే దండను రెండోసారి ఎవరూ వేసుకోరు. ఇంకొకటి, బిర్రుగా లాగి గుచ్చొద్దు. దండ బల్ల మీద గుండ్రంగా వంగి పడుకోవాలి. కర్రలా నిలబడిందంటే తీగ మీద బరువు పడుతోందని అర్థం.

రెండోది, ముత్యాల పక్కన స్ఫటికం. చూడ్డానికి ఎంత బాగుంటుందో! కానీ రాళ్ళ గట్టిదనం కొలిచే మోస్ లెక్కలో స్ఫటికం 7. ముత్యం 4.5 దాటదు, పగడం 3, 4 మధ్య. రోజూ రాసుకుంటుంటే గట్టిది మెత్తదాన్ని గీకేస్తుంది. పెట్టాలనిపిస్తే మధ్యలో చిన్న లోహపు పూస వేయండి. ముత్యాలను ముత్యాలతోనే గుచ్చినా పూసకీ పూసకీ మధ్య ముడి ఉండాలి. ముడి ఉంటే ముత్యాలు రాసుకోవు, దారం తెగినా ఒక్క ముత్యమే జారుతుంది. కల్యాణమండపంలో కుర్చీల కింద వెతుక్కునే బాధ తప్పుతుంది.

మూడోది మన ఎండ. గ్లూ గన్‌తో అతికించిన కుందన్ రాళ్ళు రోహిణి కార్తెలో బెజవాడ మధ్యాహ్నానికి ఆగవు. కారు డాష్‌బోర్డు మీద పెట్టిన పెట్టెలో జిగురు మెత్తబడి రాళ్ళు పక్కకి జరుగుతాయి. చెమటకి పూత పోయి ఇత్తడి నల్లబడుతుంది. నల్లపూసల గొలుసు రోజూ ఒంటి మీదే ఉంటుంది, స్నానానికీ తీయరు. కాబట్టి స్టాలులో అన్నిటికన్నా గట్టిగా చేయాల్సింది అదే. అది తెగితే ఇంట్లో పెద్దావిడ మొహం ఎలా మాడుతుందో మీకు నేను చెప్పాలా?

ఇక కొలత. 18 అంగుళాల దండకి 8 మిల్లీమీటర్ల పూసలైతే సుమారు 57 పడతాయి. కొక్కెం పోను రెండు మూడు తగ్గొచ్చు. అవే 6 మిల్లీమీటర్లైతే 75 దాకా పడతాయి. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు, దాన్ని పూస సైజుతో భాగిస్తే అంగుళానికి ఎన్నో తెలుస్తుంది. కొట్లో కొన్న లైను చాలావరకు 16 అంగుళాలు దాటదు. అంటే ఒక్క లైనుతో 18 అంగుళాల దండ అవదు. ఈ లెక్క ముందే వేసుకోకపోతే రెండో లైను కోసం మళ్ళీ ఆటో ఎక్కాలి. అప్పటికి ఆ షేడు అయిపోయి ఉంటుంది.

ధర సంగతి నిదానంగా చెబుతాను, ఎందుకంటే మన ఆడవాళ్ళు నష్టపోయేది ఇక్కడే. "సరుకు ఖరీదుకి రెట్టింపు వేసుకో" అని ఒక వాడుక మాట ఉంది. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. పూసలు, తీగ, కొక్కెం కలిపి 200 రూపాయలయ్యాయి. రెట్టింపు 400. బాగానే ఉన్నట్టుంది. ఇప్పుడు నా లెక్క చూడండి. గుచ్చడానికి రెండు గంటలు పట్టింది, గంటకి 100 చొప్పున మీ కూలి 200. మూడు రోజుల స్టాలు అద్దె 4,500, అరవై దండలు అమ్ముతారనుకుంటే దండకి 75. ఆటో, టిఫిను, సంచులు, చీటీలు కలిపి దండకి 25. మొత్తం 500. అంటే 400కి అమ్మిన ప్రతి దండకీ మీ జేబులోంచి 100 పోయింది. పోయిన 100 ఎవరిది? మీ కూలిది. ఎండలో కూర్చుని సగం కూలికి పనిచేసి, సాయంత్రం "బాగా అమ్ముడుపోయింది" అని ఇంటికి వెళతాం. 500 పైన కొత్త సరుకుకి ఇంకో 100 ఉండాలి. కాబట్టి ఆ దండ ధర 600.

"అమ్మో, 600 ఎవరిస్తారు?" అని వెనక వరసలోంచి గొణుగుతున్నారు, వినపడింది. బంగారం కొట్లో తరుగు, మజూరీ అని బిల్లులో వేస్తే ఇస్తున్నారు కదండీ. అక్కడ మజూరీకి ఒక గడి ఉంది, మన దగ్గర లేదు. మీరే పెట్టండి. బేరం వస్తే పూస ధర తగ్గించండి. "ఈ పూస బదులు చిన్నది వేసి 450లో చేసిస్తానండి" అనండి. కూలి మాత్రం తగ్గించకండి. బోణీ బేరం వేరు, దానికి నేనూ ఒక మెట్టు దిగుతాను. ఆఖరి రోజు రాత్రి సగం ధరకి వదిలేసే అలవాటు మాత్రం మానండి. పోయినసారి అలా కొన్నవాళ్ళు ఈసారి మొదటి రెండు రోజులూ రారు.

స్టాలు మీద అద్దం, మంచి లైటు, చిల్లర, క్యూఆర్ కోడ్ ఎలాగూ పెడతారు. సాయంత్రం ఆరు దాటాక జనం వస్తారు, సరిగ్గా అప్పుడే నెట్‌వర్క్ పోతుంది, అందుకే చిల్లర. నేను అడిగేది ఇంకొకటి: నోస్ ప్లయర్, కట్టర్, గేర్ లాకులు, తీగ చుట్ట, రెండు మూడు రకాల కొక్కేలు ఉన్న పెట్టె. పల్లెల్లో పూసలవాళ్ళు గంప నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్ళు గుర్తున్నారా? అరుగు మీద కూర్చుని, పిల్ల మెడ కొలిచి, అక్కడికక్కడే గుచ్చిచ్చేవాళ్ళు. మనకి గురువులు వాళ్ళే. "కొంచెం పొట్టిగా కావాలండి" అన్నావిడని "ఉన్నది ఇదేనండి" అని పంపించేయకండి. కూర్చోబెట్టి, రెండు పూసలు తీసి, కొక్కెం మార్చివ్వండి. మీరు గుచ్చుతుంటే నలుగురు ఆగి చూస్తారు. 600 ఎందుకో అప్పుడు మీరు చెప్పక్కర్లేదు.

తెగిన దండలు బాగుచేస్తామని కూడా బోర్డు పెట్టండి, ఇంకొకరు గుచ్చినవైనా సరే. ఏ దారం ఎన్నాళ్ళకి తెగుతోందో దాంతోనే తెలుస్తుంది. నాకు తెలిసినదాంట్లో సగం అలా వచ్చిందే.

ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మండి. జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు ఉంటాయి. నికెల్ పడక చెవి తమ్మెలు పుండ్లయ్యేవాళ్ళు ఉన్నారు. అడగకపోయినా చెప్పండి. గాజు పగడాన్ని గాజు పగడమనే అనండి. అసలు పగడం, అసలు ముత్యం అనాలంటే కొన్న బిల్లు మీ దగ్గరుండాలి.

కేంద్ర ప్రభుత్వ హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం చేతివృత్తులవాళ్ళకి పెహచాన్ (గుర్తింపు) కార్డు ఇస్తుంది. గాంధీ శిల్ప్ బజార్ లాంటి ప్రభుత్వ మేళాల్లో స్టాలుకి అర్జీ పెట్టినప్పుడు అది పనికొస్తుంది. మేళా ప్రకటన వచ్చాక పరిగెత్తకుండా ఇప్పుడే దరఖాస్తు చేయండి.

ఆ బల్ల మీద మూడు రకాల తీగలు, కొన్ని తెగిన దండలు పెట్టాను. భోజనాల లోపు పావుగంట ఉంది. మీ కట్టర్లు పట్టుకుని వరసగా రండి, ముందు గేర్ లాక్ నొక్కి చూపించండి.