కాలనీ క్లాసులో ముత్యపుచిప్ప పుట్టగొడుగు: గడ్డి నానబెట్టడం నుంచి బొమ్మ గీయడం దాకా

అందరికీ నమస్కారం. మీ కాలనీలోనో, బడిలోనో, ఊరి గ్రంథాలయం వరండాలోనో పది పన్నెండు మందితో ప్రకృతి క్లాసు పెట్టాలనుకుంటున్నారా? ఈ వీడియో మీ కోసమే. ఒక్క వరిగడ్డి బెడ్డు, అంటే గడ్డి, పుట్టగొడుగు విత్తనం కూరి కట్టిన కవరు, చాలు, దాని మీదే మూడు పనులు నేర్పించొచ్చు. పుట్టగొడుగు పెంచడం, కోసినదాన్ని చూస్తూ బొమ్మ గీయడం, చివరికి మిగిలిన గడ్డిని కుండీలకు వేయడం.

రోజులు ముందే లెక్క వేసుకోండి. మొదటి ఆదివారం బెడ్డు కడతాం. అక్కణ్ణుంచి మూడు వారాలకు కవరు కోస్తాం. ఆపై ఆదివారానికి కోతకొస్తుంది, బొమ్మల క్లాసు ఆ రోజే.

ముందు రకం సంగతి. మన దగ్గర జులై నుంచి ఫిబ్రవరి దాకా ముత్యపుచిప్ప రకాలు పెట్టుకోవచ్చు. తెల్లగా వచ్చే ఫ్లోరిడాకు 20 నుంచి 25 డిగ్రీలు బాగుంటుంది. కాస్త బూడిద రంగులో ఉండే సాజర్ కాజు 30 దాకా తట్టుకుంటుంది, కాబట్టి కోస్తావాళ్ళకు అదే నయం. ఎండలు ముదిరాక ఈ రెండూ వద్దు. ఎండాకాలానికి పాల పుట్టగొడుగు ఉంది, 30 నుంచి 35 డిగ్రీల్లో హాయిగా వస్తుంది. కాకపోతే దానికి బెడ్డు మీద మట్టి పొర వేయాలి, దాని పద్ధతే వేరు.

ఇద్దరికి ఒక బెడ్డు చొప్పున పన్నెండు మందికి ఆరు బెడ్లు. ఆరు కిలోల ఎండు వరిగడ్డి, 750 గ్రాముల స్పాన్, 12 అంగుళాల వెడల్పు 24 అంగుళాల పొడవు ఉన్న పీపీ (పాలీప్రొపిలిన్) ప్లాస్టిక్ కవర్లు ఆరు, పురికొస, ఒక గోనె సంచి, డెట్టాల్, నీళ్ళు పొగలా పడే స్ప్రేయర్. ఇంతే సామాను.

స్పాన్ అంటే పుట్టగొడుగు విత్తనం. ఉడికించిన జొన్నల మీద బూజు పట్టించి ఇస్తారు. కొన్ని కృషి విజ్ఞాన కేంద్రాల్లో దొరుకుతుంది, ముందుగా ఫోన్ చేసి చెప్పి ఉంచండి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ కూడా తయారు చేస్తుంది. ప్యాకెట్టు చేతికి రాగానే వెలుతురులో పట్టి చూడండి. గింజ గింజకూ తెల్లటి బూజు కమ్ముకుని ఉండాలి. ఒక్కచోట పచ్చగా కనిపించినా, అడుగున నీరు చేరి పులిసిన వాసన వచ్చినా వెనక్కి ఇచ్చేయండి. ఆ మచ్చ వరకే తీసేసి మిగతాది వాడదాం అనుకుంటే ఆరు బెడ్లూ పోతాయి.

గడ్డి ఈసారి పంటదై ఉండాలి. బంగారు రంగులో, విరిస్తే టక్కుమనేలా ఉండాలి. వాన తడిసి ఆరిన గడ్డి మీద నల్ల మచ్చలుంటాయి, అంటే వేరే బూజు అప్పటికే కాపురం పెట్టేసిందని. దాన్ని పశువులకు కూడా వేయరు, మనకూ వద్దు. మంచి గడ్డిని రెండు అంగుళాల ముక్కలుగా నరికి, శనివారం రాత్రి మంచినీళ్ళలో నానేయండి. పైకి తేలకుండా బరువు పెట్టండి. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు చాలు. అంతకు మించితే గడ్డి పులుస్తుంది.

పొద్దున ఆ నీళ్ళు పారబోసి, గడ్డిని గోనె సంచిలో కూరి, వేడినీళ్ళలో ముంచాలి. 80 డిగ్రీల దగ్గర ఒక గంట. థర్మామీటరు లేకపోతే గిన్నె అడుగు చూడండి. అడుగున చిన్న చిన్న బుడగలు లేస్తూ, పైన ఆవిరి బాగా వస్తూ, నీళ్ళు మాత్రం ఇంకా తెర్లకుండా ఉన్న స్థితి. అక్కడ మంట తగ్గించి నిలబెట్టండి. సలసల మరిగిస్తే గడ్డి మెత్తబడి ముద్దవుతుంది, లోపల గాలి ఆడదు. ముప్పై లీటర్ల గంగాళంలో ఒక్కో దఫా కిలో, కిలోన్నర పడుతుంది. ఆరు కిలోలకు నాలుగు నుంచి ఆరు దఫాలు పడతాయి కనుక తెల్లవారుజామునే మొదలుపెట్టండి, లేదా డ్రమ్ము వాడండి.

పెద్ద షెడ్లవాళ్ళు 100 లీటర్ల నీళ్ళలో 7.5 గ్రాముల కార్బెండజిమ్ అనే బూజుమందు, 125 మిల్లీలీటర్ల ఫార్మాలిన్ కలిపి అందులో గడ్డి నానబెడతారు. పిల్లలు కూర్చునే చోట ఫార్మాలిన్ సీసా మూత తీయనే కూడదు. కళ్ళు, గొంతు మండిపోతాయి. మనకు వేడినీళ్ళు చాలు.

ఇప్పుడు అసలు మెలకువ. బెడ్లు పాడవడానికి వంద కారణాలు చెబుతారు గానీ, క్లాసుల్లో ఎక్కువసార్లు చెడగొట్టేది ఒకటే, గడ్డిలో నీళ్ళెక్కువ ఉండటం. డెట్టాల్ నీళ్ళతో తుడిచిన టార్పాలిన్ మీదో, శుభ్రంగా కడిగిన నులక మంచం మీదో గడ్డిని నీడలో పరచండి. గంట, గంటన్నరకు ఒకసారి చూడండి. ఇదిగో, దగ్గరగా చూపిస్తున్నాం. గుప్పెడు గడ్డి తీసుకుని బలంగా పిండండి. వేళ్ళ సందుల్లోంచి చుక్క కారకూడదు. చెయ్యి విప్పితే అరచెయ్యి మాత్రం తడిగా మెరవాలి. ఒక చుక్క రాలిందా, ఇంకో అరగంట ఆరనివ్వండి. అరచెయ్యి పొడిగా ఉందా, ఎక్కువ ఆరిపోయిందన్నమాట, మరిగించి చల్లార్చిన నీళ్ళు కాస్త చిలకరించి కలపండి.

చేతి అంచనా మీద నమ్మకం లేనివాళ్ళకు తూకం ఉంది. కిలో ఎండుగడ్డి, ఇంత పనీ అయ్యాక, రెండున్నర కిలోల నుంచి రెండు కిలోల ఎనిమిది వందల దాకా తూగాలి. మూడు కిలోలు దాటితే నీళ్ళెక్కువ. క్లాసులో రెండూ చేయించండి, ముందు పిండి అంచనా చెప్పమని, తర్వాత కాటా మీద పెట్టమని. ఒక్కసారి చేస్తే చేతికి ఆ తడి గుర్తుండిపోతుంది.

ఎందుకింత పట్టింపు అంటే, ముత్యపుచిప్ప బూజు ఊపిరి పీల్చుకుంటుంది. గడ్డి ముక్కల మధ్య ఖాళీల్లో గాలి ఉండాలి. ఆ ఖాళీలు నీళ్ళతో నిండితే బూజు ఆగిపోతుంది, ఆ జాగాలో బాక్టీరియా పెరిగి గడ్డి కుళ్ళుతుంది. కవరు అడుగున గోధుమరంగు నీళ్ళు చేరి దుర్వాసన వచ్చే బెడ్లన్నీ అలా పోయినవే.

గడ్డి పూర్తిగా చల్లారిందో లేదో మణికట్టు లోపలివైపు తగిలించి చూడండి. వెచ్చగా అనిపిస్తే ఆగండి, వేడి గడ్డిలో స్పాన్ చచ్చిపోతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, ఫ్యాన్లు ఆపేసి పని మొదలుపెట్టండి. ఫ్యాన్ గాలిలో దుమ్ముతో పాటు పచ్చబూజు విత్తులు కూడా వచ్చి పడతాయి.

కవరు అడుగు అంచును కుచ్చులా దగ్గరికి తీసి పురికొసతో కట్టి, కవరును లోపలి నుంచి బయటికి తిప్పండి. అప్పుడు అడుగు గుండ్రంగా వచ్చి బెడ్డు నిలబడుతుంది. మూడంగుళాల మందం గడ్డి వేసి అరచేత్తో నొక్కండి. బెడ్డుకు 125 గ్రాముల స్పాన్ లెక్క. అందులో పావు వంతు తీసి, కవరును ఆనుకుని చుట్టూ అంచు వెంబడి చల్లండి. మధ్యలో ఎక్కువ పోయక్కర్లేదు, అంచున ఉన్నది త్వరగా అల్లుకుని బయటి బూజుకు దారి లేకుండా చేస్తుంది. ఇలా నాలుగు వరసలు. పైన గడ్డి కప్పి, గట్టిగా అదిమి మూతి కట్టేయండి. స్పిరిటుతో తుడిచిన సూదితో చుట్టూ పన్నెండు, పదిహేను చిల్లులు పెట్టండి. కవరు మీద తేదీ, కట్టినవాళ్ళ పేర్లు రాయించడం మరవొద్దు.

బెడ్లను చీకటి గదిలో, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. నాలుగో రోజుకల్లా గింజల చుట్టూ తెల్లటి నూగు కనిపిస్తుంది. 18 నుంచి 20 రోజుల్లో బెడ్డంతా తెల్లబడి గట్టిపడుతుంది. తడితే గడ్డి చప్పుడు కాదు, దిమ్మను తట్టినట్టు ఉంటుంది. ఈ రోజుల్లో నీళ్ళు పోసే పనేం లేదు, రోజూ విప్పి చూడొద్దు. పచ్చటి మచ్చ కనిపిస్తే అది ట్రైకోడెర్మా అనే పచ్చబూజు. బెడ్డును విప్పకుండానే గది బయటికి తీసుకెళ్ళి, దూరంగా గోతిలో పూడ్చండి. గదిలో విప్పితే ఆ పచ్చపొడి మిగతా బెడ్ల మీద పడుతుంది. నల్లగా సిరా కారినట్టు కరిగిపోయే సన్నటి గొడుగులు మొలిస్తే గడ్డిలో నీళ్ళెక్కువన్న గుర్తు.

మూడు వారాలయ్యాక కవరును బ్లేడుతో నిలువునా కోసి తీసేయండి. ఇప్పుడు వెలుతురు కావాలి. నేరుగా ఎండ కాదు, గదిలో పేపరు చదువుకోగలిగినంత. కిటికీలకు తడి గోనెలు కట్టండి. రోజుకు రెండు మూడుసార్లు గోడల మీద, నేల మీద, గోనెల మీద నీళ్ళు పిచికారీ చేయండి. నాలుగైదు రోజులకు గుండుసూది తలల్లాంటి మొగ్గలు, అందరూ పిన్‌హెడ్లు అనేవి, గుంపులుగా వస్తాయి. వాటి మీద నీళ్ళు ధారగా పడితే పసుపుబారి మురిగిపోతాయి. గదికి తేమ ఇవ్వండి, మొగ్గకు కాదు.

తేమ పోతుందని తలుపులన్నీ మూసేస్తారు కొందరు. అప్పుడేమవుతుందో ఈ ఫొటోలో చూడండి. కాడ వేలంత పొడవు, పైన గొడుగు మాత్రం చొక్కా బొత్తామంత. గదిలో కార్బన్ డయాక్సైడు నిలిచిపోయింది, పుట్టగొడుగు గాలి కోసం మెడ సాచింది. పొద్దున, సాయంత్రం పావుగంట చొప్పున కిటికీలు తెరవండి. మొగ్గలు ఎండి గోధుమరంగుకు తిరిగితే మాత్రం తేమ చాలలేదని అర్థం.

మొగ్గ కనిపించిన మూడో రోజుకు కోత. గొడుగు అంచు ఇంకా కొద్దిగా కిందికి వంగి ఉండగానే కోయాలి. అంచు పైకి లేచి అలలు తిరిగిందంటే ఆలస్యమైంది, కింద తెల్లటి పొడి రాలుతుంది. అవి బీజాలు. మూసిన గదిలో పీలిస్తే కొందరికి దగ్గు, ఆయాసం వస్తాయి, మాస్కు పెట్టుకోండి. గుత్తినంతా మొదట్లో పట్టుకుని మెలిపెట్టి తీయండి. కత్తితో కోస్తే మోడు మిగిలి కుళ్ళుతుంది, దానికి దోమల్లాంటి చిన్న ఈగలు ముసురుతాయి. వారం పది రోజుల తేడాతో మూడు కోతలు వస్తాయి. కిలో గడ్డికి మూడు కోతల్లో అరకిలో నుంచి ముప్పావు కిలో వచ్చిందంటే మంచి బెడ్డు.

ఇక బొమ్మ. కోసిన అరగంటలోపే మొదలుపెట్టండి, అంచులు వాడిపోతే రూపం మారుతుంది. పుట్టగొడుగు గీయమనగానే అందరి చెయ్యీ నడిమధ్య కాడ పెట్టి గొడుగు గీసేస్తుంది. ఇది అలా ఉండదు. కాడ ఒక పక్కకు ఉంటుంది, గొడుగు చెవి ఆకారంలో, ముత్యపుచిప్ప ఆకారంలో ఉంటుంది. పేరు వచ్చిందే అందుకు. దారంతో కొలిచి, ఉన్నంత కొలతలోనే హెచ్‌బీ పెన్సిలుతో బయటి గీత గీయించండి.

తర్వాత ఒకదాన్ని నిలువునా సగానికి కోసి తిప్పి చూడండి. కింద పుస్తకం పేజీల్లా పలచటి పొరలున్నాయి కదా, ఇవే గిల్స్. రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఇవి గొడుగు దగ్గర ఆగవు, కాడ మీదికి జారి సన్నబడి కలిసిపోతాయి. రెండోది, అన్నీ కాడ నుంచే బయలుదేరవు. అంచు దగ్గర చూస్తే రెండు పొడుగు పొరల మధ్య ఒక పొట్టి పొర, ఆ పొట్టిదాని పక్కన ఇంకా పొట్టిది ఉంటాయి. గొడుగు అంచుకు వెళ్ళేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి ఆ ఖాళీని పొట్టి పొరలు నింపుతాయి. ముందు పొడుగువి గీసి, తర్వాత అంచు నుంచి లోపలికి పొట్టివి గీయమనండి. సైకిలు చక్రం పుల్లల్లా అన్నీ ఒకేలా గీస్తే చూడకుండా గీసినట్టే. పక్కన తేదీ, రకం, కొలత రాయాలి.

ఇంకో గొడుగు కాడ తీసేసి, సగం నల్లగా సగం తెల్లగా ఉన్న కాగితం మీద గిల్స్ కిందికి వచ్చేలా బోర్లించి గ్లాసు మూయండి. మర్నాటికి బీజాలు రాలి గిల్స్ అచ్చు పడుతుంది. ముత్యపుచిప్పది తెలుపు, కాస్త లేత ఊదా తగలొచ్చు, నల్ల కాగితం మీద ముచ్చటగా కనిపిస్తుంది.

ఈ క్లాసు తర్వాత పిల్లలు బయట కనిపించిన ప్రతి గొడుగునూ పట్టుకొస్తారు. గీయనివ్వండి, తిననివ్వకండి. వానాకాలం పుట్టల దగ్గర లేచే టెర్మిటోమైసెస్ జాతివి మనవాళ్ళు ఏళ్ళుగా తింటున్నారు, పుట్టగొడుగు అన్న మాటలోనే ఆ పుట్ట ఉంది. కానీ అదే వానకు గడ్డి మైదానాల్లో తెల్లటి పెద్ద గొడుగులు, మీద గోధుమరంగు పొలుసులతో లేస్తాయి. పేరు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. దాని అచ్చు పచ్చగా పడుతుంది. తింటే వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలవుతారు. విషపుదైతే వెండి చెంచా నల్లబడుతుంది, పురుగు పట్టినదైతే తినొచ్చు అనేవి ఏవీ నిజం కావు. నమ్మకండి.

మూడు కోతలయ్యాక మిగిలిన గడ్డిని, పచ్చబూజు లేనిదైతేనే, పొడి చేసి పెట్టుకోండి. టమాటా, వంగ కుండీల్లో రెండంగుళాల మందం పరచండి, కాండానికి రెండంగుళాల దూరం వదలండి, ఆనితే మొదలు కుళ్ళుతుంది. మట్టిలో మాత్రం వెంటనే కలపొద్దు. చివకని గడ్డిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి, మొక్క ఆకులు పసుపుబారతాయి. కలపాలంటే పేడతో పొరలు పొరలుగా వేసి, తడి ఆరకుండా నెల నుంచి నెలన్నర మాగనిచ్చి, నాలుగు పాళ్ళ మట్టికి ఒక పాలు చొప్పున కలపండి. వానపాముల తొట్టి ఉంటే నేరుగా అందులోనే వేసేయొచ్చు.

కుండీలో పరిచిన గడ్డి మీద వానకు మళ్ళీ గొడుగులు లేస్తే వండుకోవద్దు. అక్కడ వేరే జాతుల బీజాలు కూడా పడి ఉంటాయి. కాగితం, పెన్సిలు పట్టుకుని దాని పక్కన కూర్చోండి.