సినిమాలో గ్యాంగులు, బస్సులో బ్యాగు

(గ్రంథాలయ వారోత్సవాల్లో, అమలాపురంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి. గ్రంథాలయ వారోత్సవాలకి పిలిచారు కాబట్టి పుస్తకాల గురించి మాట్లాడతాననుకుని ఉంటారు. నేను మాట్లాడేది సినిమాల గురించి. అందులోనూ డ్రగ్స్ వ్యాపారం కోసం రెండు గ్యాంగులు ఒకరినొకరు నరుక్కునే యాక్షన్ సినిమాల గురించి. ఈ మాట అనగానే వెనక బెంచీల్లో కుర్రాళ్లు ఫోన్లు జేబులో పెట్టేశారు. సంతోషం, నేను వచ్చింది ముఖ్యంగా మీకోసమే.

నాకు ఆ సినిమాలంటే చాలా ఇష్టం, ముందే చెప్పేస్తున్నాను. హార్బర్లో కంటైనర్ల మధ్య, రాత్రిపూట, వాన పడుతుంటే ఇటు నాలుగు కార్లు అటు నాలుగు కార్లు లైట్లు వేసుకుని నిలబడి, మధ్యలో ఒకడు సూట్‌కేసు తెరిచి తెల్లటి పొడిని వేలితో తీసి నాలుక మీద వేసుకుని చూసే సీన్ ఉంటుంది చూశారా, దాన్ని ఎన్ని సినిమాల్లో చూశానో లెక్కలేదు. ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

కానీ నేను లాయర్ని. రాజమండ్రి కోర్టుల్లో గంజాయి కేసులు చూస్తాను. పగలు చార్జిషీట్లు చదివి రాత్రి సెకండ్ షోకి వెళితే, కాగితాల్లో ఉన్న వ్యాపారానికీ తెర మీద ఉన్న వ్యాపారానికీ పోలికే ఉండదు. చాలావరకు నాకు అభ్యంతరం లేదు, సినిమా సినిమాయే. ఒక్క తేడా మాత్రం నన్ను నిద్రపోనివ్వదు. దాని దగ్గరికి వస్తాను, కొంచెం చుట్టు తిరిగి.

అసలు ఈ గ్యాంగులు ఎందుకు కొట్టుకుంటాయి? సినిమా చెప్పే జవాబు పగ. వాడి తమ్ముణ్ణి వీడు చంపాడు, వీడి అడ్డా వాడు లాక్కున్నాడు. నా లెక్కలో అసలు కారణం వేరు. మన అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారిని తీసుకోండి. లారీ లోడు పై రాష్ట్రానికి పంపాడు, అవతలి పార్టీ డబ్బులు ఎగ్గొట్టాడు. ఏం చేస్తాడు? నాలుగుసార్లు ఫోన్ చేస్తాడు, పెద్దమనుషుల్లో పెడతాడు, ప్రామిసరీ నోటు ఉంటే మూడేళ్లలోపు నాలాంటి వాడి దగ్గరికొచ్చి దావా వేస్తాడు. తిట్టుకుంటాడు, లాయర్ ఫీజు దండగ అంటాడు, కానీ కత్తి పట్టుకుని వెళ్లడు. అదే గంజాయి వ్యాపారికి నోటు లేదు, బిల్లు లేదు, దావా లేదు. సరుకు ఎవడైనా కొట్టేస్తే పోలీస్ స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు ఇవ్వలేడు. వాడికి మిగిలింది ఒక్కటే, అవతలివాడు భయపడాలి. కోర్టు చేయాల్సిన పని అక్కడ కత్తి చేస్తుంది. అందుకే ఆ కత్తి అందరికీ కనబడేలా తిప్పాలి, అందుకే అంత రక్తం.

ఇది నేను పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదు. నా చిన్నప్పుడు మా రేవులోనే చూశాను. 1995 జనవరిలో ఎన్టీఆర్ రాష్ట్రమంతా మద్య నిషేధం పెట్టారు. అంతకుముందు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్లు మూయించడంతో మొదలైన పోరాటం అది, వాళ్ల బాధ నిజం, వాళ్ల పోరాటం న్యాయం, అందులో నాకు రెండో మాట లేదు. కానీ మన పక్కనే యానాం ఉంది కదా. అది పుదుచ్చేరి. మన చట్టం గౌతమి గోదావరి మధ్యదాకా వచ్చి ఆగిపోతుంది. ఎదుర్లంక వంతెన అప్పటికి లేదు, రాత్రిళ్లు నావలే. మా ఊళ్లో అంతకుముందు రోజూ ఒకే కొట్టు దగ్గర టీ తాగే కుర్రాళ్లు రెండు బ్యాచ్‌లయ్యారు. కొబ్బరి డొక్కల కింద సీసాలు పెట్టి తెచ్చేవారు. మొదట మాటలు పెరిగాయి, తర్వాత ఒక బ్యాచ్ మీద ఇంకో బ్యాచ్ ఎక్సైజ్ వాళ్లకి కబురు పెట్టింది, ఆ తర్వాత ఒక తెల్లవారుజామున రేవులో నావ తగలబడింది. ఆ నావ మా మేనమామది. ఆయన ఏ బ్యాచ్‌లోనూ లేడు, అద్దెకిచ్చాడంతే. 1997లో నిషేధం సడలించారు. ఆరు నెలలు తిరక్కుండా ఆ కుర్రాళ్లలో కొందరు రొయ్యల చెరువుల మీదకి వెళ్లిపోయారు, కొందరు మళ్లీ అదే టీ కొట్టు దగ్గర కూర్చున్నారు. గంజాయిని కూడా వదిలేయమని నేను అనడం లేదు, దయచేసి అలా అర్థం చేసుకోకండి. పగ వల్ల వ్యాపారం నడవదు, వ్యాపారం వల్ల పగ పుడుతుంది, అది చెప్పడానికే ఈ రేవు కథ.

అమెరికాలో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. 1920 నుంచి 1933 దాకా అక్కడ మద్య నిషేధం. 1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఒక గ్యారేజీలో ఏడుగురిని గోడకి నిలబెట్టి కాల్చేశారు, కాల్చినవాళ్లలో ఇద్దరు పోలీసు యూనిఫాంలో వచ్చారు. మనం ఈ రోజు చూసే దొంగ పోలీసు సీన్లు చాలావాటికి మూలం అక్కడుందని నా నమ్మకం. ఆ ఊరి గ్యాంగులకి పెద్ద దిక్కుగా పేరుపడ్డ అల్ కపోన్‌ని 1931లో జైలుకి పంపింది ఏ ఎన్‌కౌంటరూ కాదు, ఆదాయపు పన్ను కేసు. పదకొండేళ్ల శిక్ష. వ్యాపారం వల్లే పగ పుడుతుందన్న కీలకం సినిమావాళ్లు కూడా ఎప్పుడో పట్టుకున్నారు. 1972లో వచ్చిన ‘గాడ్‌ఫాదర్’లో గొడవంతా రాజుకునేది మత్తుమందు వ్యాపారంలోకి దిగనని పెద్దాయన చెప్పడంతోనే కదా.

ఇప్పుడు క్లైమాక్స్ దగ్గరికి వద్దాం. మన సినిమాల్లో హీరో గోడౌన్ తగలబెడతాడు, పెద్ద విలన్‌ని చంపుతాడు, తెల్లారుతుంది, పేర్లు పడతాయి. నిజంలో అసలు యుద్ధం అప్పుడే మొదలవుతుంది. కొలంబియాలో మెడెలిన్ ముఠాకీ కాలీ ముఠాకీ పడేది కాదు, 1988 జనవరిలో మెడెలిన్ ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ కుటుంబం ఉండే భవనం ముందు కారు బాంబు పేలింది. 1993 డిసెంబరులో ఎస్కోబార్‌ని కాల్చి చంపారు. కొకైన్ ఆగిందా? కాలీ వాళ్ల చేతికి పోయింది. మెక్సికోలో 2006 డిసెంబరులో ప్రభుత్వం సైన్యాన్ని దింపి ఒక్కొక్క నాయకుణ్ణీ వేటాడింది. నాయకుడు పోయిన చోటల్లా ముఠా రెండుగా మూడుగా చీలి, చీలిన ముక్కలు కొట్టుకుని, 2007లో 9 వేల లోపు ఉన్న హత్యలు 2011 నాటికి ఏడాదికి 27 వేలు దాటాయి. మొన్నమొన్న 2024 జూలైలో అక్కడి సినలోవా ముఠా పెద్ద ఒకడు అమెరికాలో పట్టుబడ్డాడు, సెప్టెంబరు వచ్చేసరికి అదే ముఠాలో రెండు వర్గాలు కులియకాన్ నగరం వీధుల్లో కాల్చుకోవడం మొదలుపెట్టాయి. బడులు మూతపడ్డాయి. ఈ భాగం మన సినిమాల్లో రాదు, పేర్లు పడ్డాక కథ చూపించే అలవాటు లేదు కాబట్టి.

ఇంకో సంగతి. అసలు పెద్ద సరుకు వెళ్లేటప్పుడు గొడవే ఉండదు. 2021 సెప్టెంబరులో గుజరాత్ ముంద్రా పోర్టులో 2,988 కిలోల హెరాయిన్ దొరికింది. టాల్క్ రాయి అని కాగితాల్లో రాసి ఉంది. దిగుమతి చేసుకున్న కంపెనీ రిజిస్టరైన చిరునామా మన విజయవాడ. వానలో కార్లు లేవు, నాలుక మీద పొడి లేదు. ఫైలు, సంతకం, రబ్బరు స్టాంపు. చెప్పాలంటే నాకు ఇది హార్బర్ ఫైటు కన్నా ఎక్కువ భయం వేసే సీన్.

సరే, నన్ను నిద్రపోనివ్వని తేడా.

సినిమాలో గ్యాంగు వార్‌లో చచ్చేవాళ్లని గుర్తుచేసుకోండి. హీరో ఒక్క దెబ్బకి ఇరవై మందిని ఎగరగొడతాడు. ఆ ఇరవై మందికి పేర్లుండవు, ఇంట్లో ఎవరూ ఉండరు. నా దగ్గరికి వచ్చే కేసులన్నీ ఆ పేరు లేని వాళ్లవే. గంజాయి ఎక్కడినుంచి వస్తుందో మీకు తెలుసు, ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల నుంచి. 2021 చివర్లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో పోలీసులు వేల ఎకరాల్లో మొక్కలు నరికించారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల సరుకు గుట్టగా పోసి తగలబెట్టారు. అయినా హైవే మీద బ్యాగులు ఆగలేదు. నర్సీపట్నం వైపు నుంచి దిగి, తుని, రాజమండ్రి, రావులపాలెం మీదుగా పోతాయి. ముందు బైకు మీద ఒకడు దారి చూస్తూ వెళతాడు, వాణ్ణి పైలట్ అంటారు. వెనక సరుకు మోసేవాడు క్యారియర్. తనిఖీ ఉందని తెలిస్తే పైలట్ బండి తిప్పుకుని పోతాడు. దొరికేది క్యారియర్.

నా దగ్గరికి ఒక కుర్రాడి కేసు వచ్చింది. మన గోదావరి లంకల్లో కుర్రాడే, డిగ్రీ మధ్యలో మానేశాడు, వాళ్ల నాన్న కొబ్బరికాయలు దింపే కార్మికుడు, చెట్టు మీద నుంచి పడి నడుం పోయింది. ఎవడో టీ కొట్టు దగ్గర పరిచయమై, ఒక బ్యాగు చెన్నై చేరిస్తే కొంత డబ్బిస్తానన్నాడు. బస్సులో దొరికాడు. బ్యాగులో బ్రౌన్ టేపు చుట్టిన ప్యాకెట్లు, తూకం 22 కిలోలు. వాళ్లమ్మ నా ఆఫీసు మెట్ల మీద కూర్చుని అడిగిన మొదటి మాట ఇది: “బాబుగారూ, మావోడిది ఏ గ్యాంగంటారండి?” టీవీలో చూసింది పాపం. గ్యాంగుంటే దానికో పెద్ద ఉంటాడు, పెద్ద ఉంటే వచ్చి విడిపిస్తాడు అని ఆవిడ ఆశ. ఆ కుర్రాడికి బ్యాగిచ్చినవాడి అసలు పేరు కూడా తెలియదు. ఫోన్ స్విచాఫ్.

ఇరవై మీద ఆ రెండు కిలోలు ఎంత పని చేశాయో వినండి, ఇది మీరందరూ తెలుసుకోవాల్సిన లెక్క. 1985 నాటి మత్తుమందుల చట్టం ప్రకారం గంజాయి ఒక కిలో లోపు చిన్న మొత్తం, ఏడాది దాకా జైలు. 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం, పదేళ్లకు తగ్గదు, ఇరవై ఏళ్ల దాకా వేయొచ్చు, పైగా కనీసం లక్ష రూపాయల జరిమానా. బెయిలు కావాలంటే 37వ సెక్షన్ అడ్డం, ఇతను నేరం చేయలేదని నమ్మడానికి ఆధారం ఉందని జడ్జిగారికి అనిపించాలి. “బ్యాగులో ఏముందో నాకు తెలీదండి” అంటే సరిపోదు, 35వ సెక్షన్ ప్రకారం తెలుసనే కోర్టు మొదలుపెడుతుంది, తెలీదని రుజువు చేసుకోవాల్సింది మనమే. బైకు మనదైతే బైకు పోతుంది. ఇవేవీ తెలియకుండానే ఆ కుర్రాడు బస్సెక్కాడు. బస్సెక్కేముందు వారం ఒక గ్యాంగుల సినిమా మూడుసార్లు చూశానని నాతో చెప్పాడు. సినిమా చూసే వెళ్లాడని నేను అనను, వాళ్ల నాన్న నడుం వల్ల వెళ్లాడు. కానీ ఆ సినిమా మూడుసార్లు చూసినా అతనికి ఈ వ్యాపారం గురించి ఒక్క పనికొచ్చే ముక్క కూడా తెలియలేదు, నాకు కోపం అక్కడ.

ఇక్కడ షార్ట్ ఫిల్ములు తీసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారని విన్నాను. మీరు గ్యాంగుల కథే తీయండి, ఫైట్లు పెట్టండి, నేనే మొదటి టికెట్టు కొంటాను. ఆ ఇరవై మందిలో ఒక్కడి వెనక కెమెరా వాడి ఇంటిదాకా వెళ్లనివ్వండి. ఆ అమ్మ మెట్ల మీద కూర్చున్న సీను నాకు తెరమీద చూడాలని ఉంది.

చివరిగా రెండు నంబర్లు రాసుకోండి. ఎవరైనా బ్యాగు మోయమంటే, ఊళ్లో సరుకు అమ్ముతున్నారని తెలిస్తే 1972, మన రాష్ట్రంలో మత్తుమందుల్ని అరికట్టే పోలీసు విభాగం ఈగల్ వాళ్ల టోల్ ఫ్రీ. అలవాటు పడి మానలేకపోతున్నవాళ్లకి 14446, కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్. అలవాటైనవాడు చిన్న మొత్తంతో దొరికినా, తనంతట తాను చికిత్సకి వెళితే కేసు లేకుండా బయటపడే దారి చట్టంలోనే ఉంది, 64ఏ సెక్షన్. ఇది చాలామంది తల్లిదండ్రులకి తెలియక పరువు పోతుందని పిల్లల్ని గదిలో దాచిపెడుతున్నారు.

ప్రశ్నలుంటే అడగండి. అందరి ముందూ అడగలేనివి ఉంటే, రాజమండ్రి ఆఖరి బస్సు దాకా నేను ఈ గ్రంథాలయం అరుగు మీదే కూర్చుంటాను.