ఒక్క రక్తపు చుక్కలో ఎన్ని మలేరియాలు?

(కడపలో జరిగిన స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: పక్షుల పరాన్నజీవుల మీద పనిచేస్తున్న పరిశోధకురాలు, విశ్రాంత పశువైద్యుడు, నగరంలో పావురాలు పెంచే ఒకాయన.)

యాంకర్: నమస్కారం. పక్షులకూ మలేరియా వస్తుందంటే మా స్టూడియోలోనే సగం మంది నమ్మలేదు. మేడం, ముందు అందరికీ ఉండే భయం తీర్చేయండి. పిట్టకు వచ్చింది మనకు అంటుకుంటుందా?

పరిశోధకురాలు: అంటుకోదండి. మనకు వచ్చే ఫాల్సిపారం, వైవాక్స్ వేరు, పక్షులకు వచ్చేవి వేరు. మనవాటిని అనాఫిలిస్ దోమ మోస్తుంది. పక్షులవాటిని మోసేది ఎక్కువగా క్యూలెక్స్. మన ఊరి బుగ్గవంక మురుగులో పెరిగి చీకటి పడగానే ఇళ్లలోకి దూరే దోమ అదే.

యాంకర్: రోనాల్డ్ రాస్ పిచ్చుకల మీద పనిచేశాడని ఎక్కడో చదివాను. నిజమేనా?

పరిశోధకురాలు: నిజమే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో ఆయన దోమ కడుపులో చూసింది మనిషి మలేరియాని. తర్వాత కలకత్తా వెళ్లాక మనుషుల కేసులు సరిగా దొరకలేదు. పిచ్చుకలు, భరతపక్షులతో పని మొదలుపెట్టాడు. పరాన్నజీవి దోమ కడుపులోంచి లాలాజల గ్రంథుల్లోకి వెళ్లి, అక్కడినుంచి ఇంకో పక్షికి చేరుతుందని 1898లో రుజువు చేసింది ఆ పిచ్చుకలతోనే. 1902లో నోబెల్ వచ్చింది. మనం సికింద్రాబాద్ దగ్గరే కథ ఆపేసి పిచ్చుకను మరిచిపోయాం.

పశువైద్యుడు: మందుల సంగతీ అంతే. 1920లలో ప్లాస్మోకిన్ అనే మందును జర్మన్లు ముందు కెనరీ పిట్టల మీదే పరీక్షించారు. 1935లో బ్రంప్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కోళ్ల మలేరియాకు గాల్లినేసియం అని పేరు పెట్టాక, ఆ పరీక్షలు కోడిపిల్లల మీదికి మళ్లాయి.

యాంకర్: అన్నా, మీ పావురాల్లో ఇది ఎప్పుడైనా చూశారా?

పావురాల పెంపకందారు: మలేరియా అని నాకు తెల్దు గానీ, ఈగ మాత్రం తెల్సు మేడం. చప్పటి ఈగ. రెక్క పైకెత్తితే ఈకల కింద పక్కకు ఉరుకుతాది. వేళ్ల మధ్యన పెట్టి నొక్కినా చావదు, మళ్లా లేచి పోతాది. పిల్లలకు ఈకలు రోంత మొలిచేసరికి వాటి మీదికి చేరతాది.

పరిశోధకురాలు: సరిగ్గా అదే. శాస్త్రంలో దాన్ని స్యూడోలింకియా అంటారు. మీ పావురాల్లో మలేరియాకు దగ్గరి చుట్టమైన హీమోప్రోటియస్ కొలంబే ఉంటే, దాన్ని మోసేది ఈ ఈగే. సర్జెంట్ అన్నదమ్ములు అల్జీరియాలో 1906లోనే తేల్చిన విషయం. ఈ ఈగ గుడ్లు పెట్టదు, పిల్లపురుగును కడుపులోనే పెంచి కంటుంది. గూటి మూలల్లో దుమ్ములో నల్లగా, నిగనిగలాడే గింజల్లాంటివి చూశారా?

పెంపకందారు: శానా చూసినా. మిరియాలు పడినాయేమో అనుకుంటి.

పరిశోధకురాలు: అవి దాని ప్యూపాలు, అంటే పురుగు ఈగగా మారే ముందు దశ. మందు వెతికే ముందు మూడు వారాలు దాటకుండా గూళ్లు ఊడ్చి, ఆ చెత్త కాల్చేయండి. కొత్త ఈగ బయటికి రాదు.

యాంకర్: ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పక్షుల మలేరియాలో జన్యు వైవిధ్యం ఉందంటున్నారు. మలేరియా ఒక్కటే కదా, అందులో వైవిధ్యం ఏమిటి?

పరిశోధకురాలు: స్లైడు మీద చూస్తే నిజంగానే కొన్ని రకాలే కనిపిస్తాయండి. పక్షి ఎర్రకణం కోలగా ఉంటుంది. మనకు లేని కేంద్రకం దానికి మధ్యలో ఉంటుంది. గీమ్సా రంగు వేస్తే హీమోప్రోటియస్ ఆ కేంద్రకం పక్కన జీడిపప్పులా వంగి, మధ్యమధ్య గోధుమరంగు చుక్కలతో కనిపిస్తుంది. హీమోగ్లోబిన్ తిన్న తర్వాత మిగిలే వర్ణకం ఆ చుక్కలు. ఇంకో చుట్టమైన ల్యూకోసైటోజూన్‌లో అవి ఉండవు. దాన్ని మోసేది కూడా దోమ కాదు, పారే నీళ్లలో పెరిగే నల్లఈగ. కంటితో ఇంతవరకే చెప్పగలం. జన్యువు చదివితే మాత్రం లెక్క మారిపోతుంది. మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి జన్యువులో 479 డిఎన్ఏ అక్షరాల ముక్క ఒకటి తీసుకుని ప్రపంచమంతా పోల్చుకుంటారు. స్వీడన్‌లో లుండ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో మాల్‌అవి పేరుతో దానికి డేటాబేస్ పెట్టారు. ఆ ముక్కలో తేడా ఉన్న ఒక్కో రకాన్ని ఒక్కో వంశం అంటారు. ఇప్పుడు అందులో వేల వంశాలున్నాయి. స్లైడు చూసి వర్ణించి పేరు పెట్టిన జాతులు కొన్ని వందలకు మించవు.

పశువైద్యుడు: ఇక్కడే నాకు పేచీ. ఒక్క అక్షరం తేడా వస్తే కొత్త వంశం అని రాసేస్తారు. రేపు ఇంకో అక్షరం మారితే ఇంకోటి. వైద్యం చేసేవాడికి దీంతో ఒరిగేదేమిటి?

పరిశోధకురాలు: ఆ పేచీలో న్యాయం ఉంది డాక్టర్ గారూ. ఒక అక్షరం తేడాతో జాతి మారిపోదు. ఆ మాటకొస్తే తిరకాసు రెండోవైపు నుంచీ ఉంది. సైటోక్రోమ్ బి ఒకేలా ఉన్న రెలిక్టమ్ అనే పక్షి మలేరియా పరాన్నజీవుల్లో ఎంఎస్‌పి1 అనే కేంద్రక జన్యువు చదివితే, ఉష్ణమండలంలో తిరిగేవి, చలిదేశాల్లో తిరిగేవి వేరువేరని బయటపడింది. ఒక జన్యువు ఎక్కువ చేసి చూపిస్తుంది, ఇంకోచోట అదే తక్కువ చేసి చూపిస్తుంది. ఇంకో చిక్కు, ఒకే పిట్టలో రెండు మూడు వంశాలు కలిసి ఉంటాయి. జన్యువుకు ప్రతులు తీసే పిసిఆర్ పరీక్ష వాటిలో ఎక్కువ ఉన్నదాన్నే పెంచి చూపించి, రెండోదాన్ని మింగేస్తుంది. జన్యువు చదివిన గ్రాఫులో ఒకే చోట రెండు శిఖరాలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తే అనుమానించాలి. చాలామంది అలాంటి నమూనాను చెడిపోయిందని పక్కన పడేస్తారు. నన్నడిగితే చూడాల్సింది దాన్నే.

యాంకర్: మరి వంశాలు ఎక్కువుంటే పక్షులకు ప్రమాదం ఎక్కువనా?

పరిశోధకురాలు: కాదండి. హవాయి దీవులు చూడండి. అక్కడికి క్యూలెక్స్ దోమ 1826లో ఓడల్లో చేరింది. తర్వాత బయటి పక్షులతో పరాన్నజీవి వచ్చింది. అక్కడ తిరిగేది దాదాపు ఒకే వంశం, జిఆర్‌డబ్ల్యు4. వైవిధ్యం లేదనే చెప్పాలి. అయినా అక్కడి హనీక్రీపర్ పిట్టల్లో చాలా జాతులు అంతరించడంలో దాని చెయ్యి ఉంది. ఈవీ అనే ఎర్రపిట్టకు ప్రయోగశాలలో ఒక్క దోమకాటు ఇస్తే పదింట తొమ్మిది చచ్చిపోయాయి. చలికి పరాన్నజీవి ఎదగలేని ఎత్తైన కొండల్లోనే అవి మిగిలాయి. మన పిచ్చుకలో ఎన్ని వంశాలున్నా అది గూడు కట్టి పిల్లల్ని పెంచుతూనే ఉంటుంది. తరతరాల పరిచయం మరి. ఆ పరిచయం లేనిచోటే చేటు.

పశువైద్యుడు: జూలలో పెంగ్విన్లకూ అంతే. దోమల్లేని చోటి పక్షి, ఇక్కడికొస్తే తట్టుకోలేదు.

యాంకర్: మన జిల్లా సంగతి చెప్పండి. కలివికోడి అనే అరుదైన పక్షి ఉన్న లంకమల అడవుల్లో ఈ పరీక్షలు చేయొచ్చా?

పరిశోధకురాలు: 1986లో సిద్ధవటం దగ్గర మళ్లీ కనిపించినప్పటినుంచీ కలివికోడి అంటే అందరికీ ప్రాణం. దాన్ని పట్టి రక్తం తీయాలని నేనైతే అనను. దాని చుట్టూ బతికే మామూలు పిట్టలు చాలు. పికిలిపిట్టలు, కౌజులు, గోరింకలు. అందులోనూ ఈ ఏడాది గూట్లోంచి ఎగిరిన పిల్లలు ముఖ్యం. జొన్నచేల మీద పడే గులాబీ గోరింక మధ్య ఆసియా నుంచి వస్తుంది. దాని రక్తంలో ఏది దొరికినా ఎక్కడ అంటుకుందో చెప్పలేం. ఊరు దాటని పికిలిపిల్లలో దొరికితే మాత్రం, అది ఇక్కడి దోమో ఈగో ఎక్కించింది.

పశువైద్యుడు: అడవి పిట్టను పట్టాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. ఉత్సాహంతో ఎవరూ వలలు వేయకండి. నేను చెప్పేది ఊళ్లో నాటుకోళ్ల గురించి. తురాయి పాలిపోయి, పచ్చగా పెంట వేస్తూ కోడి చస్తే కొక్కెర తెగులని పూడ్చేస్తాం. చాలాసార్లు ఆ తెగులే అయ్యుంటుంది. కానీ మలేరియా కాదు కదా అని ఒక స్లైడు తీసి చూడ్డానికి ఎంతోసేపు పట్టదు.

పెంపకందారు: మేడం, నా పావురాల్ని తెచ్చేదా? యాభై దాకా ఉండాయి.

పరిశోధకురాలు: పావురాలు వద్దన్నా, ముందు ఈగలు తెండి. ఒక్కో పావురం మీద దొరికినవి ఒక్కో సీసాలో, స్పిరిట్ పోసి. సీసా మీద పావురం గుర్తు పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా స్పిరిట్‌కు కరిగిపోతుంది. ఈగ కడుపులో రక్తముంటే నాకు పావురం జన్యువు, పరాన్నజీవి జన్యువు రెండూ అందులోనే దొరుకుతాయి.

పెంపకందారు: సీసాలు మీరే ఇస్తారా?

పరిశోధకురాలు: బయట కార్లో ఉన్నాయి. పోయేటప్పుడు పట్టుకుపొండి.