ఆర్ట్ అప్రిసియేషన్ సిలబస్ రివ్యూ: 11 పేజీల రూల్సులో పనికొచ్చేవెన్ని?

ఇదిగోండి, నా చేతిలో ఉన్నవి 11 పేజీలు. ఆర్ట్ అప్రిసియేషన్ కోర్సు సిలబస్. కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, చూడండి. మొదటి పేజీలో ఒక బొమ్మ, మిగతా 10 పేజీల నిండా రూల్సు. బొమ్మలు చూడటం నేర్పే కోర్సుకి ఇన్ని రూల్సేంటి అని మొదటి రోజే నవ్వుకున్నాను. "ఈజీ క్రెడిట్లు రా, కూర్చుని బొమ్మలు చూడటమే" అని ఒక సీనియర్ చెప్తే నమ్మి చేరినవాణ్ణి మరి. సెమిస్టర్ అయిపోయాక ఇవే కాగితాలు మళ్లీ చదివితే కొన్ని రూల్సు బంగారంలా ఉన్నాయి. కొన్ని మాత్రం పంటి కింద రాళ్లే. వాటికి మార్కులు వేయడానికే ఈ వీడియో. కాలేజీ పేరు, మేడమ్ పేరు చెప్పను, అడక్కండి. ఎక్కడ చేరినా ఈ సిలబస్సులు కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంటాయి.

ముందుగా ఒక భయం తీసేస్తాను. ఈ కోర్సులో బొమ్మలు గీయమని అడగరు. నాకు స్కేలు పెట్టినా గీత వంకరే, అయినా పాసయ్యాను. ఆర్ట్ హిస్టరీ లాగా ఆదిమానవుడి గుహల దగ్గర మొదలుపెట్టి వరసగా నడిపించే కోర్సు కూడా కాదు. గీత, రంగు, వెలుగు, బొమ్మలో ఏది ఎక్కడుంది, ఏది పెద్దది, ఏది చిన్నది, కన్ను ముందు ఎక్కడికి పోతుంది... ఇవి పట్టుకోవడం నేర్పుతారు. అంతే.

మొదటి రూలు అటెండెన్స్. 3 సార్లు డుమ్మా కొట్టొచ్చు, నాలుగోసారి నుంచి గ్రేడు దిగుతుంది. 15 నిమిషాలు లేటుగా వస్తే సగం ఆబ్సెంట్. స్లైడ్లన్నీ ఆన్‌లైన్‌లో పెడుతున్నప్పుడు మనిషి వచ్చి కూర్చోవడం దేనికి అని నేనూ గొణుక్కున్నాను. రెండో వారంలో సమాధానం దొరికింది.

ఆ రోజు మేడమ్ లైట్లు ఆర్పేసి తెర మీద జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ గీసిన పెద్ద అల బొమ్మ పెట్టారు. మీరూ చూసే ఉంటారు, టీషర్టుల మీద, ఫోన్ కవర్ల మీద కూడా వస్తుంది. "10 నిమిషాలు, ఎవరూ మాట్లాడొద్దు, చూడండి" అన్నారు. మొదటి నిమిషంలో నాకు కనిపించింది అల. ఇంకేముంది చూడటానికి అనుకున్నాను. కాసేపటికి పడవలు కనిపించాయి, 3 ఉన్నాయి. ఆ పడవల్లో వంగి, ఒకరిని ఒకరు అంటిపెట్టుకుని మనుషులున్నారు. అన్నాళ్లూ వాళ్లను నేను చూడనే లేదు. తర్వాత, మధ్యలో కిందగా ఉన్న ఆ చిన్న తెల్లని శిఖరం ఇంకో అల కాదని, మంచు కప్పుకున్న ఫూజీ పర్వతమని తెలిసింది. అంత కొండ అల కింద బొమ్మరిల్లంత అయిపోయింది. టైమ్ అయ్యాక వెనక బెంచీలోంచి ఒకమ్మాయి "ఆ నురగ గోళ్లలా ఉంది మేడమ్" అంది. అంతే, ఇక ఇప్పటికీ నాకది గోళ్లలాగే కనిపిస్తోంది. ఇంట్లో ఒక్కణ్ణే స్లైడ్ తిప్పేసుకుని ఉంటే ఇందులో సగం కూడా దొరికేది కాదు. అటెండెన్స్ రూలుకి పదికి తొమ్మిది. ఆ ఒక్క మార్కూ ఉదయం 8 గంటల క్లాసుకి కోత.

ఇదే బొమ్మతో నా పరువు పోయిన సంగతి కూడా చెప్పాలి. స్లైడ్ టెస్ట్ అని ఉంటుంది. తెర మీద బొమ్మ వేస్తారు, కళాకారుడు, పేరు, కాలం, ఏంతో చేశారు, ఎంత సైజు అన్నది రాయాలి. ఈ అల బొమ్మ వచ్చింది. నేను ధీమాగా "ఆయిల్ పెయింటింగ్, చాలా పెద్దది" అని రాశాను. తీరా చూస్తే అది 1831 ప్రాంతంలో చెక్క అచ్చులతో కాగితం మీద వేసిన ప్రింటు. సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తు, 37 వెడల్పు. ఒళ్లో పెట్టుకుని చూసుకునేంత. అచ్చు కాబట్టి ఒక్కటే అసలు అని కూడా ఉండదు, ప్రతులు చాలా మ్యూజియాల్లో ఉన్నాయి. క్లాసులో తెర మీద గోడంత కనిపించేసరికి నేను గోడంత అనుకున్నాను. సిలబస్‌లో "సైజు, మాధ్యమం తప్పనిసరిగా రాయాలి" అన్న లైను చదివి అప్పుడెప్పుడో విసుక్కున్నాను. ఆ రోజు పోయిన మార్కులతో అర్థమైంది.

ఒకసారి ఫోన్ తీసి మోనాలిసా, గెర్నికా పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ బొటనవేలంతే ఉంటాయి. నిజానికి మోనాలిసా 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 వెడల్పు. పికాసో గెర్నికా ఎత్తు దాదాపు మూడున్నర మీటర్లు, వెడల్పు 7.7 మీటర్ల పైనే. ఒకటి ఎదురుగా కూర్చున్న మనిషి. రెండోదాని ముందు నిలబడితే మీరే ఆ గదిలో చిక్కుకుపోతారు. ఈ తేడాని ఫోన్ మింగేస్తుంది.

అందుకే సిలబస్‌లో నాకు బాగా నచ్చిన రూలు మ్యూజియం రూలు. మా కోర్సులో దీనికి 25 శాతం మార్కులు. స్వయంగా మ్యూజియానికి వెళ్లాలి, ఒకే ఒక్క కళాఖండం ఎంచుకోవాలి, దాని ముందు గంటసేపు ఉండాలి. వెళ్లినట్టు రుజువుగా దాని పక్కన ఫొటో దిగాలి. నోట్సు పెన్సిల్‌తోనే రాసుకోవాలి. ఈ పెన్సిల్ గొడవేంటో అనుకుని నేను పెన్ను పట్టుకెళ్లాను. లోపల అడుగుపెట్టి క్యాప్ తీశానో లేదో గార్డు వచ్చేశాడు. సిరా మరక పడితే పోదు, అందుకని చాలా మ్యూజియాల్లో గ్యాలరీలో పెన్నులు ఒప్పుకోరు. ఆయనే నాకో పొట్టి పెన్సిల్ ముక్క ఇచ్చాడు.

గంటసేపు ఒకే బొమ్మా అని మీరు అనుకుంటున్నారని తెలుసు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం ఒక్కో బొమ్మ ముందు ఎంతసేపు ఆగుతున్నారో కొలిచి, 2001లో ఒక అధ్యయనం వేశారు. సగటున 27 సెకన్లు. అదీ కొందరు చాలాసేపు నిలబడటం వల్ల పెరిగిన సగటు, సగం మంది 17 సెకన్లు కూడా ఆగలేదు. ఇంకో వైపు, హార్వర్డ్‌లో ఆర్ట్ హిస్టరీ చెప్పే జెనిఫర్ రాబర్ట్స్ తన విద్యార్థులను ఒకే బొమ్మ ముందు 3 గంటలు కూర్చోమంటారు. ఆవిడే స్వయంగా కూర్చుని చూశారు. కోప్లీ అనే అమెరికన్ చిత్రకారుడు 1765లో వేసిన బొమ్మ అది, ఒక అబ్బాయి, గొలుసు కట్టిన పెంపుడు ఉడుత. అబ్బాయి చెవి ఆకారమూ, ఉడుత పొట్ట దగ్గరి బొచ్చు ఆకారమూ ఒకటేనని పట్టుకోవడానికి ఆవిడకి 9 నిమిషాలు పట్టిందట. గొలుసు పట్టుకున్న వేళ్ల మధ్య దూరమూ, కింద ఉన్న నీళ్ల గ్లాసు వెడల్పూ సరిగ్గా సమానమని తెలియడానికి 21 నిమిషాలు. ఆవిడ చదువే అది. ఆవిడకే అంత పడితే మనకి గంట ఎక్కువేం కాదు.

నేను ఎంచుకున్నది పెద్ద పేరున్న బొమ్మ కాదు. బల్ల మీద ఒక పళ్లెం, సగం ఒలిచిన నిమ్మకాయ, ఒక గాజు గ్లాసు. బెంచీ ఎదురుగా ఉందని ఎంచుకున్నా, దాచేదేముంది. మొదటి పావుగంట నరకం. మొహమాటానికి చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత గ్లాసు మీద ఒక తెల్లని మచ్చ కనిపించింది. లేచి గీత దాటకుండా వంగి చూస్తే అది మచ్చ కాదు, కిటికీ. నాలుగు గళ్లతో సహా ఉంది. బొమ్మలో ఎక్కడా కిటికీ లేదు. అంటే అది బొమ్మకి ఇవతల, చిత్రకారుడు నిలబడిన గదిలో, అంటే నేను నిలబడిన వైపు ఉందన్నమాట. ఒళ్లు ఝల్లుమంది. నా పేపరంతా ఆ కిటికీ మీదే రాశాను. ఈ రూలుకి పదికి పది. మ్యూజియం దూరమో, వెళ్లడానికి ఇబ్బందో ఉన్నవాళ్లకి వేరే ఏర్పాటు ఉంటుంది, కానీ రెండో వారంలోపే అడగాలి. గడువు ముందు రోజు రాత్రి మెయిల్ పెడితే ఎవరూ కరగరు.

ఆ పేపర్ రాయడానికీ రూలుంది. అందంగా, అద్భుతంగా, ఆకట్టుకునేలా... ఈ మాటలు నిషేధం. ముందు ఏం కనిపిస్తోందో రాయాలి, తర్వాత అవి ఎలా అమరాయో, దాని వల్ల ఏ అర్థం వస్తోందో, బాగుందా లేదా అన్నది చిట్టచివర. ఈ నాలుగు మెట్ల వరస ఫెల్డ్‌మన్ అనే ఆయన పెట్టింది, చాలా క్లాసుల్లో వాడతారు. నా మొదటి డ్రాఫ్ట్‌లో "నిమ్మకాయ చాలా సహజంగా ఉంది" అని రాస్తే మేడమ్ ఎర్ర ఇంకుతో "ఏం చూసి?" అని రాశారు. రెండోసారి "తొక్క బల్ల అంచు దాటి వేలాడుతోంది, దాని నీడ బల్లబట్ట మీద పడుతోంది, అందుకే అది మన వైపు వస్తున్నట్టుంది" అని రాశాను. ఎర్ర ఇంకు రాలేదు.

చూచిరాత సంగతి. మ్యూజియంలో బొమ్మ పక్కన లేబుల్ ఉంటుంది కదా, దాన్ని మక్కికి మక్కి దింపితే అది కాపీయే. మాటలు మార్చినా, ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పాలి. ఏఐ విషయంలో ఒక్కో ప్రొఫెసర్‌ది ఒక్కో రూలు. మా మేడమ్ భాష దిద్దుకోవడానికి ఒప్పుకున్నారు, వాడినట్టు కింద రాస్తే చాలు. పక్క సెక్షన్‌లో పూర్తిగా వద్దన్నారు. స్పష్టంగా రాసి లేకపోతే మెయిల్‌లో అడిగి, ఆ జవాబు దాచుకోండి. నా అభిప్రాయం అడిగితే, ఏఐతో రాయించిన పేరాలో బొమ్మ పేరు మార్చి చదవండి. ఇంకో బొమ్మకీ అతికిపోయిందంటే ఆ పేరా రాసినవాళ్లు బొమ్మ చూడలేదని క్లాసులో ఎవరికైనా తెలిసిపోతుంది.

ఇక పంటి కింద రాళ్లు. ఆన్‌లైన్ చర్చలో గురువారంలోగా 200 పదాల పోస్టు, ఆదివారంలోగా ఇద్దరికి జవాబు. మొక్కుబడి వ్యవహారం. ఆదివారం రాత్రి 11 దాటాక అందరం ఒకరికొకరం "మంచి పాయింట్, నేను కూడా ఏకీభవిస్తున్నాను" అని రాసుకునేవాళ్లం. పదికి మూడు, అదీ జాలిపడి.

రెండోది, 40 బొమ్మల సంవత్సరాలు బట్టీ పట్టడం. కొన్ని తేదీలు కావాలి, కాదనను. గెర్నికా 1937 అని తెలియాలి, ఎందుకంటే ఆ ఏప్రిల్‌లోనే స్పెయిన్‌లోని గెర్నికా అనే ఊరి మీద బాంబులు వేశారు, ఆ ఏడే బొమ్మ వచ్చింది. తేదీ తీసేస్తే బొమ్మలో సగం పోతుంది. కానీ అన్నిటికీ అలా కాదు. 10 ఏళ్లు అటూ ఇటూగా రాసినా మార్కులిచ్చేవాళ్లున్నారు, మా దగ్గర ఇవ్వలేదు. పదికి నాలుగు.

లేటు పనికి రోజుకి 10 శాతం కోత, అన్నిటికంటే తక్కువ వచ్చిన ఒక క్విజ్ లెక్కలోంచి తీసేస్తారు. న్యాయమే. నగ్న చిత్రాలు, హింస, మతానికి సంబంధించినవి చూపిస్తామని ముందే రాసిపెట్టారు, అదీ మంచిదే. మాటని విమర్శించండి, మనిషిని కాదు అన్న రూలు మాత్రం డ్యూషాం అనే కళాకారుడి మూత్రశాల తొట్టి తెర మీదకి వచ్చిన రోజు పనికొచ్చింది. 1917లో ఆయన దాన్ని "ఫౌంటెన్" అని పేరు పెట్టి ప్రదర్శనకు పంపాడు. ఇది కళేంటి అని క్లాసు రెండుగా చీలిపోయి అరుచుకుంది. ఆ రూలు లేకపోతే కొట్టుకునేవాళ్లం.

చేరాలా వద్దా అని కామెంట్లలో అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. సిలబస్‌లో మార్కుల పట్టిక ఉన్న పేజీకి వెళ్లండి. మ్యూజియం పేపరుకి, క్లాసులో చూసి మాట్లాడటానికి కలిపి 40 శాతం పైన ఉంటే కళ్లు మూసుకుని చేరిపోండి. స్లైడ్ టెస్టులకే 60 ఇచ్చేస్తే అదే కోర్సుకి ఇంకో సెక్షన్ ఉందేమో చూసుకోండి. కోర్సు మార్చుకునే ఆఖరి తేదీ మాకు 2వ పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంది. మీకూ అక్కడే ఎక్కడో ఉంటుంది.