పారిస్ ఒపేరా భవనంపై అపోలో, బాకస్ పరివారం

సభకు నమస్కారం. షార్ల్ గార్నియే రూపకల్పనలో 1861లో నిర్మాణం మొదలై, 1875 జనవరి 5న ప్రారంభమైన పారిస్ ఒపేరా భవనం మీద గ్రీకు పురాణ పాత్రలు ఎవరెవరు ఎక్కడ కొలువుదీరారో గమనిస్తే, ఆనాటి సమాజం రంగస్థలం నుంచి ఏమి కోరుకుందో, దేనికి జంకిందో తెలుస్తుంది.

కప్పు కొసన, ఎమే మిలే మలచిన గ్రీకు సంగీత, కవితా దేవుడు అపోలో బంగారు లైర్ అనే తంత్రీ వాద్యాన్ని ఆకాశానికి ఎత్తిపట్టి నిలుచుంటాడు. కవిత్వానికీ సంగీతానికీ ప్రతీకలైన ఇద్దరు స్త్రీమూర్తులు ఆయనకు చెరోపక్క ఉంటారు. లోపల మహాసోపానం కింద, గ్రీసులోని డెల్ఫీ ఆలయంలో ఆయన వాక్కు పలికిన పూజారిణి పిథియా కంచు విగ్రహం ఉంది. దాన్ని చేసింది మార్సెల్లో అనే పురుషనామంతో పనిచేసిన అదెల్ దాఫ్రీ.

అయితే గ్రీకు నాటకం పుట్టింది అపోలో సన్నిధిలో కాదు, మద్యానికీ ఉన్మాదానికీ దేవుడైన డయోనిసస్ ఉత్సవాల్లో. రోమన్లు బాకస్ అని పిలిచిన ఆ దేవుడి పరివారం ఈ భవనం ముంగిటికి వచ్చింది శిల్పి కార్పో చెక్కిన 'నృత్యం' అనే శిల్పంతోనే. గార్నియే మూడు మూర్తులు చాలన్నాడు. కార్పో తొమ్మిది చెక్కాడు. నడుమ రెక్కల యువకుడు చేయి పైకెత్తి తంబురీన్ మోగిస్తుంటే, చుట్టూ వివస్త్రలైన బాకస్ భక్తురాళ్లు చేతులు కలుపుకొని, వెనక్కి వాలి, నోరారా నవ్వుతూ గిరగిరా తిరుగుతుంటారు. ఆ నవ్వులో పళ్లు కనిపిస్తాయి, మెడలూ నడుములూ నిజమైన మనుషుల్లా మెలితిరుగుతాయి. పాలరాతి దేవతలకు అలవాటుపడిన కళ్లకు మింగుడుపడనిది ఇదేనని నా అభిప్రాయం.

1869లో శిల్పాన్ని ఆవిష్కరించగానే అశ్లీలమంటూ గగ్గోలు పుట్టింది. ఆగస్టులో ఒక రాత్రి ఎవరో దాని మీద సిరాబుడ్డి విసిరారు. తొలగించాలని నిర్ణయించి, బదులు శిల్పాన్ని గ్యూమెరీ అనే మరో శిల్పికి అప్పగించారు కూడా. ఇంతలో 1870లో ప్రష్యాతో యుద్ధం వచ్చింది, మరుసటి ఏడాది గ్యూమెరీ మరణించాడు, కార్పో నర్తకులు ఉన్నచోటే ఉండిపోయారు. వాతావరణానికి దెబ్బతింటున్న మూలశిల్పాన్ని 1964లో లూవ్ర్ మ్యూజియంకు తరలించి, పాల్ బెల్మాందో చేసిన నకలును ఆ స్థానంలో నిలిపారు. మూలం ఇప్పుడు ఓర్సే మ్యూజియంలో ఉంది. పారిస్ వెళ్లినవారు రెండింటినీ చూడాలని నా మనవి.